కారు బ్రేకు కూసినప్పుడు



కుటుంబ పత్రికలో కారు బ్రేకుల గురించి రాయడమేమిటని మీలో కొందరు అనుకోవచ్చు. ఒకప్పుడు మన గ్రామాలలో ఆదివారం మందిరం ముందు సైకిళ్లు, ఎడ్లబండ్లు ఆగేవి. ఇప్పుడు మోటారు సైకిళ్లు, ఆటోలు, సెకండ్ హ్యాండులో కొన్న చిన్న కార్లు ఆగుతున్నాయి. సంఘంలో ఒకరికి కారు ఉంటే అది ఒక్క ఇంటికే పరిమితం కాదు. కాన్పుకు ఆసుపత్రికి అదే, ఉజ్జీవ కూటములకు అదే, మెదక్ మందిరం చూచి రావడానికీ అదే. అయిదుగురు కూర్చోవలసిన చోట ఎనిమిదిమంది కూర్చుంటారు. ఇతరుల పిల్లలను మన బండిలో ఎక్కించుకొన్నప్పుడు వారి ప్రాణాలు మన కుడికాలి కింద ఉంటాయి. గనుక ఆ కాలి కింద ఏమి జరుగుతున్నదో తెలిసికొనుట కూడా పొరుగువానిని ప్రేమించుటలో ఒక భాగమే.

గండిపేట నుండి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా వికారాబాదు వైపు పోయే దారి మాకు ప్రతిదినం అలవాటైన దారి. పాత మర్రిచెట్ల నీడ, వాటి పక్కనే మలుపులు, ఎదురుగా కంకర టిప్పర్లు, వానాకాలం బురద, ఎండాకాలం దుమ్ము. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొని దాదాపు ఇరవైమంది ప్రాణాలు పోయాయి. ఆ ప్రమాదానికి బ్రేకులు కారణమని నేననడం లేదు. అయితే ఆ దినం నుండి ఈ దారిన బండి నడిపే ప్రతివాడూ బ్రేకు మీద కాలు పెట్టినప్పుడల్లా ఒక్క క్షణం ఆలోచిస్తున్నాడు.

మా ఇంట ఒక చిన్న కారు ఉంది. ఒక వేసవిలో దాని ముందు ఎడమ చక్రం దగ్గర, బ్రేకు నొక్కినప్పుడల్లా సన్నని కీచు శబ్దం మొదలైంది. గేటు దగ్గర ఆపితే ఇంట్లోవారికి వినిపించేది. మందిరం ముందు ఆపితే అందరూ తిరిగి చూచేవారు. సలహాలకు మాత్రం కొదువ లేదు. “ఏ కారైనా అంతేనండి” అన్నారొకరు. “ఒక చుక్క ఇంజనాయిలు వేయండి, పోతుంది” అన్నారు మరొకరు. “పాటలు పెట్టుకోండి, వినబడదు” అని పడుచువాడొకడు నవ్వాడు.

పట్నంలో ఒక షెడ్డుకు తీసుకొని వెళ్లాను. అరగంటలో చక్రం విప్పి, మళ్లీ బిగించి, “ప్యాడ్లు ఇంకా ఉన్నయి సార్, మోత పోయింది” అన్నారు. నిజముగానే పోయింది. ఇంటికి వచ్చి చెప్పినప్పుడు మా ఇంటావిడ ఒకే ప్రశ్న అడిగింది. “ఏమి మార్చారండీ?” ఏమీ మార్చలేదన్నాను. “ఏమీ మార్చకుండా మోత ఎట్లా పోయింది? వచ్చే శనివారం సండేస్కూలు పిల్లలను అనంతగిరికి తీసుకొని పోవాలి గదా. ఇంకొకరికి చూపించండి” అంది.

అనంతగిరి అంటే మా ప్రాంతంవారికి తెలుసు. వికారాబాదు దగ్గర ఆ కొండలలోనే మూసీ పుట్టి, కిందికి వచ్చి మన గండిపేట చెరువులో చేరుతుంది. 1908 సెప్టెంబరులో ఆ మూసీ పొంగి హైదరాబాదును ముంచిన తరువాతనే దానిని ఆపడానికి ఉస్మాన్‌సాగర్ కట్ట కట్టారు. 1920లో అది పూర్తయింది. పల్లానికి పరుగెత్తేది నీరైనా బండియైనా, ఆపేది గట్టిగా లేకపోతే ఏమగునో మన పెద్దలకు తెలుసు. ఆ ఘాటులో దిగేటప్పుడు బ్రేకు మీదనే బ్రతుకు.

మొయినాబాదులో నాకు తెలిసిన ఒక మెకానిక్ భాయి ఉన్నాడు. ఆయన పానా పట్టుకొనక ముందు ప్రశ్నలు అడిగాడు. “సార్, ఎప్పుడు కూసేది? కాలు పెడితేనా, పెట్టకున్నానా? పొద్దుగాల ఒక్కపారేనా, దినమంతనా? సన్నగనా, గరగరనా? బండి ఒక దిక్కు గుంజుతదా?” వైద్యుడు నాడి పట్టినట్లు ఆయన ఆ శబ్దాన్ని విచారించాడు. ఆ నాలుగు ప్రశ్నల వెనుకనున్న జ్ఞానాన్నే మీకు చెప్పదలచాను.

ముందు బ్రేకు ఎట్లా పనిచేస్తుందో చూద్దాము. చక్రంతో కలిసి ఒక ఇనుప పళ్లెం తిరుగుతుంది. దాని పేరు డిస్కు. దానికి ఇరువైపుల రెండు ప్యాడ్లు ఉంటాయి. మనం కాలితో నొక్కినప్పుడు బ్రేక్ ఆయిలు ఒత్తిడి కాలిపర్‌లోని పిస్టన్‌ను తోస్తుంది, ప్యాడ్లు రెండు చెంపలుగా డిస్కును బిగించి పట్టుకొంటాయి. బండి వేగమంతా అక్కడ వేడిగా మారుతుంది. వెయ్యి కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉండగా ఒక్కసారి ఆపితే పుట్టే వేడి, దాదాపు అర లీటరు నీళ్లను మరగబెట్టగలదు. వేగం రెట్టింపైతే ఆ వేడి నాలుగింతలు. అరచేతి కంటె చిన్నవైన ఆ ప్యాడ్లు అంత పని చేస్తున్నాయి.

అట్లా రాసుకొనేటప్పుడు ప్యాడు డిస్కును ఒక క్షణం పట్టి, ఒక క్షణం జారుతుంది. ఒక సెకండులో వేలసార్లు ఇట్లా జరిగితే ఆ వణుకే మన చెవికి కీచుమని వినబడుతుంది. తడి గాజు గ్లాసు అంచున వేలు తిప్పితే మ్రోగినట్లే. ఇది కొత్త జబ్బు కాదు. ఇంగ్లాండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే డిస్కు బ్రేకుకు పేటెంటు పొందాడు. రాగి ప్యాడ్లు డిస్కుకు రాసుకొని భరించలేనంత మోత చేశాయి. కొన్ని సంవత్సరాలకు హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన ఆస్బెస్టాస్ లైనింగు వాడి ఆ మోతను తగ్గించాడు. ఆ ఆస్బెస్టాస్ పొడి ఊపిరితిత్తులకు హాని అని తరువాత తెలిసింది. అందుచేత బ్రేకు దుమ్మును నోటితో గాని గాలి గొట్టంతో గాని ఊదవద్దు. తడిగుడ్డతో తుడవండి, లేదా బ్రేకు క్లీనరుతో కడగండి.

ఇప్పుడు భాయి ప్రశ్నలకు వద్దాము.

ఉదయం మొదటి రెండు మూడుసార్లు మాత్రమే కూసి, తరువాత ఊరుకొంటే భయపడనక్కర లేదు. రాత్రి మంచుకో, వానకో, కారు కడిగినందుకో డిస్కు మీద పలుచని తుప్పు పడుతుంది. రెండు మూడుసార్లు బ్రేకు వేస్తే అది రాలిపోతుంది. కొత్త ప్యాడ్లు వేసిన మొదటి దినాలలో వచ్చే కొద్దిపాటి మోత కూడా అంతే.

కాలు పెట్టకపోయినా శబ్దం వచ్చి, కాలు పెట్టగానే ఆగితే ప్యాడ్లు అరిగాయేమో చూడాలి. చాలా ప్యాడ్లకు ఒక చిన్న ఉక్కు రేకు అమర్చి ఉంటుంది. కొత్త ప్యాడు మందం సుమారు 10 మిల్లీమీటర్లు. అది అరిగి 2, 3 మిల్లీమీటర్లకు వచ్చినప్పుడు ఆ రేకు డిస్కుకు తగిలి కూస్తుంది. కొన్ని బండ్లలో బ్రేకు నొక్కినప్పుడు కూడా కూస్తుంది. కంపెనీవారు దానిని కావాలని పెట్టారు. ఆ రేకు కావలివాని వంటిది. మొదటి నుండి ఊరుకొని, ప్రమాదం గడప దగ్గరకు వచ్చినప్పుడే కేక వేస్తుంది.

డిస్కుకు, దాని వెనుక రేకుకు మధ్య చిన్న కంకర రాయి ఇరుక్కొన్నా కాలు పెట్టకుండానే శబ్దం వస్తుంది. మా దారిలో ఇది తరచుగా జరిగే సంగతే. రాయి తీస్తే సరిపోతుంది.

బ్రేకు నొక్కినప్పుడల్లా, దినమంతా కూస్తే కారణాలు అనేకం. ప్యాడ్ల సందులలో దుమ్ము పేరుకొని ఉండవచ్చు. ప్యాడు వెనుక ఉండవలసిన షిమ్ములు, క్లిప్పులు పోయి ఉండవచ్చు. ఘాటులో దిగేటప్పుడు బ్రేకు మీద కాలు తీయకుండా నడిపితే ప్యాడు ముఖం వేడికి అద్దంలా నున్నగా గట్టిపడి ఉండవచ్చు. అట్టి ప్యాడు కూస్తుంది, పట్టు కూడా తగ్గుతుంది. కాలిపర్ అటు ఇటు జరిగే గైడు పిన్నులలో గ్రీజు ఎండిపోయి బిగుసుకొని ఉండవచ్చు.

గరగరమని రుబ్బినట్లు వస్తే ఇక నడపవద్దు. లైనింగు పూర్తిగా పోయి ఇనుమును ఇనుము రాసుకొంటున్నదన్నమాట. బండి ఒక పక్కకు గుంజినా, కాలు పెడితే పెడలు మెత్తగా లోపలికి పోయినా, ఒక చక్రం దగ్గర మాత్రమే మాడు వాసన వేడి ఉన్నా అదే మాట.

భాయి నా జవాబులన్నీ విని, నేల చదునుగా ఉన్నచోట కారు నిలిపి, వెనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, జాకీ ఎత్తి, దాని పక్కన గట్టి స్టాండు కూడా పెట్టి చక్రం విప్పాడు. జాకీ ఒక్కదానిని నమ్మి కారు కిందికి చేయి గాని తల గాని పోనివ్వకూడదని చెప్పాడు. చక్రం సందుల నుండి బయటి ప్యాడు కనబడుతుంది. దానికి ఆరు మిల్లీమీటర్ల మందం ఉంది. ఎవరు చూచినా బాగున్నదనే అంటారు. ఆయన కాలిపర్ లేపి లోపలి ప్యాడు తీశాడు. దానికి ఒక మిల్లీమీటరు కూడా లేదు. గైడు పిన్ను బిగుసుకొని, బరువంతా లోపలి ప్యాడు మీదనే పడింది. తరువాత ఆయన ఆ ప్యాడు అంచున ఉన్న రేకును నాకు చూపించాడు. దానిని ఎవరో ఇటీవలనే కటింగు ప్లేయరుతో పట్టుకొని డిస్కుకు తగలకుండా వెనుకకు వంచారు. వంచిన చోట ఇనుము ఇంకా మెరుస్తున్నది.

“మోత పోగొట్టిన్రు సార్. రోగం అట్లనే పెట్టిన్రు” అన్నాడు భాయి.

నేను ఆ రేకును చేతిలో పట్టుకొని చాలాసేపు నిలువబడ్డాను. శనివారానికి ఇంకా మూడు దినాలు ఉన్నాయి.

సంఖ్యాకాండము 22వ అధ్యాయంలోని బిలాము గాడిద మీకు జ్ఞాపకమున్నది గదా. దూత కత్తి దూసి దారిలో నిలిచి ఉండగా గాడిద చూచింది, బిలాము చూడలేదు. అది పొలంలోనికి తప్పుకొంది. గోడకు ఒరిగి అతని కాలు నొక్కింది. చివరకు కూలబడింది. మూడుసార్లూ అతడు దానినే కొట్టాడు. తన ప్రాణం కాపాడుతున్నది అదేనని అతనికి తోచలేదు. చేతిలో కత్తి ఉంటే దానిని చంపేవాడినన్నాడు. మా కారు రేకును వంచిన చేయి ఆ బిలాము చేయి వంటిదే. అడ్డు తొలగించాలన్న తొందరలో, ఎందుకు అడ్డుపడుతున్నదని అడగలేదు.

భాయి ఆ దినం చేసిన పని కూడా చెప్తాను. మీ బండి షెడ్డులో ఉన్నప్పుడు పక్కన నిలిచి ఇవన్నీ జరుగుతున్నవా లేవా చూచుకోవచ్చు. ప్యాడ్లు ఒక్క చక్రానికి కాదు, ముందు రెండు చక్రాలకూ కలిపి మార్చాలి, లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది. డిస్కు మందం కొలవాలి, ఎంతవరకు అరగవచ్చునో సాధారణంగా దాని మీదనే చెక్కి ఉంటుంది. గైడు పిన్నులు తీసి శుభ్రం చేసి, వేడికి తట్టుకొనే బ్రేకు గ్రీజు పలుచగా రాయాలి. మామూలు గ్రీజు రాస్తే లోపలి రబ్బరు ఉబ్బి మళ్లీ బిగుసుకొంటుంది. ప్యాడు ముఖానికి, డిస్కుకు మాత్రం నూనె, గ్రీజు చుక్క కూడా తగలకూడదు. ఆ మొదటి సలహా విని ఇంజనాయిలు వేసినవాడు మోతతోపాటు బ్రేకునే పోగొట్టుకొంటాడు.

బ్రేక్ ఆయిలు అని మనం పిలిచేది కూడా మామూలు నూనె కాదు. అది గాలిలోని తేమను పీల్చుకొంటుంది. తేమ చేరిన ఆయిలు ఘాటులో వేడెక్కి ఆవిరి పుడితే పెడలు ఉత్తదై పోతుంది. గనుక సుమారు రెండు సంవత్సరాలకు ఒకసారి దానిని మార్చాలి. డబ్బాలో ఆయిలు మట్టం తగ్గుతున్నదంటే ప్యాడ్లు అరుగుతున్నాయి, లేదా ఎక్కడో కారుతున్నది. ఊరకే పైన పోసి మూత పెట్టవద్దు.

అన్నీ బిగించిన తరువాత, కారు కదిలించక ముందే పెడలు గట్టిపడేవరకు నొక్కాలి. ఇది మరువకూడదు. కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్‌ను వెనుకకు నెట్టుతారు. నొక్కకుండా బయలుదేరితే మొదటి బ్రేకు పడదు. తరువాత ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుండి మెల్లగా పది, పదిహేనుకు తగ్గించి, మళ్లీ పోయి, ఇట్లా ఎనిమిది పదిసార్లు చేస్తే ప్యాడు, డిస్కు ఒకదానికొకటి కుదురుకొంటాయి. మధ్యలో చల్లారడానికి సమయం ఇవ్వాలి. ఘాటు దిగేటప్పుడు రెండవ గేరులో పెట్టి ఇంజనుతోనే వేగం ఆపుకొంటూ, బ్రేకు కావలసినప్పుడు మాత్రమే వేసి వదలాలి. మోటారు సైకిలుకు ముందు డిస్కు ఉన్నవారికీ ఈ సంగతులలో చాలా వరకు వర్తిస్తాయి.

చిన్న కారుకు ప్యాడ్ల జత ఖరీదు ఒక కొత్త టైరు కంటె తక్కువే. పిల్లలు శనివారం క్షేమముగా అనంతగిరికి వెళ్లి వచ్చారు. వారిలో ఎవరికీ ఈ సంగతి తెలియదు.

అయితే ఆ వంగిన రేకు నా మనస్సులో నుండి పోలేదు. మా ప్రాంతంలో భూముల ధరలు పెరిగినప్పటి నుండి ఎకరాలు అమ్ముకొన్న ఇండ్లు అనేకం. చేతికి డబ్బు వచ్చినప్పుడు కొన్ని ఇండ్లలో ఒక స్త్రీ అడిగింది, “ఈ పైకమంతా ఎటు పోతున్నది? పిల్లల పేర కొంచెం వేయరాదా?” అని. ఆ ఇంట శబ్దం చేసింది ఆమె ఒక్కతే. ఆమెను గయ్యాళి అన్నారు. కొన్ని చోట్ల చేయి కూడా చేసికొన్నారు. ఆమె ఊరుకొంది. ఇల్లు నిమ్మళమైందని అందరూ అనుకొన్నారు. నిమ్మళం కాలేదు, రేకు వంచారు, అంతే. కొన్నేండ్లకు పొలమూ లేదు, పైకమూ లేదు. సంఘములోనైనా అంతే. లెక్కలు అడిగిన పెద్దను తగవులమారి అని కూర్చోబెట్టిన చోట, తరువాత ఏమి మిగిలిందో మనం చూచాము. యిర్మీయా దినాలలో ప్రజల గాయాన్ని పైపైన కట్టి అంతా క్షేమమే అన్నవారు పట్నపు షెడ్డువారికి పూర్వికులు.

మనస్సాక్షి కూడా దేవుడు మనలో అమర్చిన అట్టి రేకే. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలో వేడి ఇనుముతో కాల్చినట్లు మొద్దుబారిన మనస్సాక్షిని గురించి చెప్తాడు. ఘాటులో కాలు తీయకుండా తొక్కిన ప్యాడు వేడికి నున్నబడి పట్టు కోల్పోయినట్లే, ఒకే పాపాన్ని మరల మరల రాచుకొంటే మనస్సు గట్టిపడుతుంది. అప్పుడు మోత తగ్గవచ్చును గాని బండి ఆగదు.

ప్రతి శబ్దానికి భయపడమని నా భావం కాదు. ఉదయపు తుప్పు ఉంది, ఇరుక్కొన్న రాయి ఉంది. ఇంటిలో ప్రతి సణుగూ ప్రవచనం కాదు. అందుకే భాయి చేసినట్లు ముందు అడగాలి. ఎప్పుడు వస్తున్నది? దేనిని నొక్కినప్పుడు వస్తున్నది? ఎంత కాలంగా వస్తున్నది? అడిగి, విప్పి, బయటి ప్యాడుతో తృప్తిపడక లోపలిది కూడా చూడాలి. ఏమీ మార్చకుండా మోత పోయిందని ఎవరైనా చెప్తే, మా ఇంటావిడ అడిగిన ప్రశ్న అడగాలి.

ప్రియులారా, ఈ శనివారం సాయంకాలం, ఆదివారపు బట్టలు ఇస్త్రీ చేసికొనే వేళ, ఒక అయిదు నిమిషాలు మీ బండి దగ్గర నిలువండి. బ్రేక్ ఆయిలు మట్టం చూడండి. నెమ్మదిగా నడిపి బ్రేకు వేసి, అద్దాలు దించి వినండి. తరువాత లోపలికి వెళ్లి, మీ ఇంట ఏదో చెప్పవలెనని చాలా దినాలుగా ప్రయత్నిస్తున్నవారు ఎవరైనా ఉంటే వారి పక్కన కూర్చొని అదే విధంగా వినండి. వినే చెవిని, సరిదిద్దుకొనే మనస్సును ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.